మందు లేని సూది

మా చర్చి గోడకు బయటివైపున ఒక నల్లబోర్డు ఉంది. ప్రతి శనివారం సాయంత్రం దాని మీద మర్నాటి బైబిలు వాక్యం రాసే పని నాది. ఎవరో ఒప్పజెప్పిన పని కాదు, నేను పట్టుకున్న పని. తొమ్మిదేళ్ల కిందట రాసే ఆయన కర్నూలుకు మారిపోతే, ఇంకొకరు దొరికేదాకా నేను రాస్తానని సుద్దముక్క తీసుకున్నాను. ఆ తర్వాత ఇంకొకరు దొరక్కుండా నేనే చూసుకున్నాను. బోర్డును ఎత్తుగా కట్టారు. కిందికి కడితే ప్రొద్దుటూరు మేకలు గోడకు ఒళ్లు రాసుకుంటూ వాక్యాన్ని తుడిచేస్తాయి. అందువల్ల స్టూలెక్కి, చెయ్యి బారుగా పైకి చాపి రాయాలి.

పోయిన వానాకాలంలో ఆ చెయ్యి పైకి లేవడం మానేసింది.

కుడి జబ్బ. మొదట కొప్పు పెట్టుకునేటప్పుడు కలుక్కుమంది. తర్వాత రవికలో చెయ్యి దూర్చాలంటే కళ్లనీళ్లు వచ్చేవి. నెల తిరిగేసరికి రొమ్ము ఎత్తు దాటి లేవదు. ఆ శనివారం స్టూలెక్కి, ఎడమచేత్తో కుడి మోచేతిని పైకి తోసుకుంటూ రాశాను. వాక్యం పైవరుసలో మొదలై, మూడో మాటకే కిందివరుసలోకి జారిపోయింది. వీధిలో పోయేవాళ్లు మెడ పక్కకు వంచి చదవడం నేను చూశాను.

కింద నిలబడి ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు కూడా చూస్తున్నారు. మా సంఘం కమిటీలో ఉన్నాయన. చేతిరాత అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఆ బోర్డు మీద ఆయనకు చాలా కాలంగా కన్నుంది.

"చెల్లెమ్మా, ఇంగ చాలిచ్చు. నువ్వు స్టూలు మీద్నుంచి పడితే చర్చికి చెడ్డపేరు."

"పడితే నొప్పి నాది సారూ. పేరు చర్చికెందుకు?"

"అట్ల కాదు. బోర్డు అనేది నలుగురు చూసేది. దాన్ని అర్హతుండే చెయ్యి రాయల్ల. నేను ముప్పైనాలుగేండ్లు పిల్లోల్లకు రాత నేర్పిచ్చినా."

"నేర్పిచ్చినారు సరే. తొమ్మిదేండ్లుగా ఈ స్టూలు ఒక్కసారన్నా ఎక్కినారా?"

మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఎవరి మనసూ నొప్పించని మనిషి. ఆ గుణం వల్ల అందరినీ కొంచెం కొంచెం నొప్పిస్తారు. ఆయన ఇద్దరి మధ్యకు వచ్చి ఒక గడువు పెట్టారు. డిసెంబరు మొదటి శనివారం దాకా హెడ్మాస్టరుగారు రాస్తారు. ఆ రోజుకు నా చెయ్యి లేస్తే బోర్డు మళ్లీ నాది. లేవకపోతే ఇక ఎప్పటికీ సారుదే. నేను సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి, చేతులు కడుక్కోకుండానే ఇంటికి పోయాను.

మా చెల్లెలిది పులివెందుల. చీనీ, అంటే బత్తాయి తోట ఉంది, నోరు కూడా ఉంది. ఫోన్లో నా మాట సగం విని, మర్నాడే నన్ను పిలిపించుకుని అక్కడి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నా చేతిని పైకెత్తి, పక్కకు తిప్పి, నా అరుపును బట్టి రోగం తేల్చాడు. కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోయిందట. షుగరు ఉన్నవాళ్లకు వస్తుందట. ప్రొద్దుటూరులోనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోయి వ్యాయామం నేర్చుకోమన్నాడు. చీటీ రాసి ఇస్తూ ఒక మాట అన్నాడు.

"ఒక సంగతి గుర్తుపెట్టుకోమ్మా. ఈ మధ్య వాళ్లు సూదులు కూడా గుచ్చుతున్నారు. గుచ్చనియ్యద్దు. సూది పట్టేది డాక్టర్ల పని."

"అట్లయితే మీరే గుచ్చండి సార్."

"నేను అట్లాంటివి చేయను."

"ఎందుకు సార్?"

"దాంట్లో అంత గుణమేమీ లేదు."

"గుణం లేనిదాని కోసం మీదా వాళ్లదా అని కొట్లాట ఎందుకు సార్?"

మా చెల్లెలు నన్ను గిల్లింది. అది కూడా నొప్పి జబ్బ మీదే గిల్లింది.

ప్రొద్దుటూరులో ఆ ఫిజియో గది ఒక బట్టల అంగడి పైన ఉంది. మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుం పట్టేసినవాళ్లు ఇరవైరెండు మెట్లెక్కి పైకి చేరుకోవాలి. ఎక్కగలిగినవాళ్లకు సగం జబ్బు లేనట్టే లెక్క. అక్కడి ఫిజియో అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. గోడకు కింది నుంచి పైకి అంకెలు రాసిన పట్టీ అంటించి, దాని మీద నా వేళ్లను సాలెపురుగులాగా పైకి నడిపించమన్నాడు. మొదటిరోజు నా వేళ్లు ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయాయి.

"ఇంట్లో గూడా దినానికి మూడుసార్లు చేయల్లవ్వా."

"చేస్తా నాయనా."

చేయలేదు. మన ఊర్లలో వైద్యమంటే ఇంకొకరు మనకు చేసేది. మనకు మనం చేసుకునేదాన్ని పని అంటాం. పని చేసుకోవడానికైతే ఇరవైరెండు మెట్లెక్కడం దేనికి? పోయిన ప్రతిసారీ అతను అడిగేవాడు, చేశానని చెప్పేదాన్ని. మూడు వారాలు గడిచాయి. వేళ్లు ముప్పై మూడు చేరాయి. ఆ రెండు అంకెలు కూడా నేను మునికాళ్ల మీద లేచి సంపాదించినవే.

అప్పుడు అతను నా వీపు వైపు జబ్బ ఎముకను వేళ్లతో తడిమి, "అవ్వా, ఈడ కండ ముడిపడినట్లుండాది. సన్న సూదితో గుచ్చితే కొంచెం వదులైతాది. నొప్పి తగ్గితే నువ్వు వ్యాయామం చేసుకోగలుగుతావు" అన్నాడు.

సూదిని చూపించాడు. వెంట్రుక అంత ఉంది. వెనక గొట్టం లేదు, సీసా లేదు.

"మందేది?"

"మందుండదవ్వా. ఉత్త సూదే."

"ఉత్త సూదా?"

"ఉత్త సూదే. గుచ్చి, కాసేపుండి, తీసేసేదే."

"బీకాంప్లెక్సన్నా పొయ్యి నాయనా. ఊరికే పొడిపిచ్చుకోని పోయినానంటే నా మర్యాదేం కావల్ల?"

మా మధ్యా, బయట బల్లల మీద కూర్చున్న జనం మధ్యా ఉన్నది ఒక్క గుడ్డతెర. సూది అనే మాట వినబడగానే బయట గుసగుసలు ఆగిపోయాయి. మా పక్క సూది వేయని డాక్టరును జనం డాక్టరుగా లెక్కపెట్టరు. జలుబుకైనా, కలతకైనా, కోడలి మీద కోపానికైనా ఒక సూది పడితేనే చూపించుకున్నట్టు. ఇన్నాళ్లూ ఈ అబ్బాయి గోడెక్కమనీ, రబ్బరు లాగమనీ చెబుతూ ఉంటే, పాపం చదువు సరిగా అబ్బలేదేమో అనుకున్నవాళ్లంతా ఇప్పుడు మెడలు చాపారు.

తెర అవతల నుంచి ఒక గొంతు వచ్చింది. "అవ్వా, వేయిచ్చుకోవద్దు. వాల్లకు సూది పట్టే అధికారం లేదు."

తెర తీసి చూశాను. మెడకు పట్టీ కట్టుకున్న ఒకాయన. మైదుకూరు రోడ్డు మీది పల్లెలో ఊరి డాక్టరు. పాతికేళ్లుగా సూదులు వేస్తున్నాడు. ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదని ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు.

"నీకుండాదా అప్పా అధికారం?" అని అడిగాను.

"నాది అనుభవం అవ్వా. అది వేరే."

నేను అబ్బాయి వైపు తిరిగి అదే మాట అతన్నీ అడిగాను. "నీకుండాదా?"

వేరేవాడైతే గోడ మీది డిగ్రీ పటం చూపించి నా నోరు మూయించేవాడు. అతను స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "డిగ్రీ చదివినా. ఈ సూది పనికి వేరేగా ట్రైనింగు తీసుకున్నా. ఇది మా పని కాదని కొందరు డాక్టర్లంటారు. మాదే అని మావాల్లంటారు. కచ్చితంగా ఇట్ల అని నాకు ఎవరూ ఒక్కమాట చెప్పలేదవ్వా. అబద్ధమెందుకు చెప్పల్ల?"

ఆలోచించుకుంటానని దిగి వచ్చేశాను. అరవై ఆరేళ్ల ముసలిది పొడుపుకు భయపడిందని బయటివాళ్లు అనుకుని ఉంటారు. నా భయం వేరు.

నేను జమ్మలమడుగులో ఒక ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేశాను. గాజు సిరంజీల కాలం. సూదులను గిన్నెలో వేసి ఉడకబెట్టేది నేనే, మొద్దుబారితే సానరాయి మీద నూరేది నేనే. ఒక్క అక్షరం రాదు కానీ సూదిని వెలుతురుకు పట్టి చూస్తే అది ఇంకెన్ని పిర్రలకు పనికొస్తుందో చెప్పగలిగేదాన్ని. రోజూ వందసార్లు చూసే పనిని మనమూ చేయగలమని మనిషికి అనిపిస్తుంది. నాకు ముప్పై ఎనిమిదో ఏట అనిపించింది.

ఆ సాయంత్రం నర్సమ్మ కాన్పుల గదిలో ఉంది. జ్వరంతో ఉన్న ఒక రైతు సూది వేయమని వార్డు అదిరేలా అరుస్తున్నాడు. మందు ఎక్కించిన సిరంజీ ట్రేలో పెట్టి ఉంది. చూసినట్టే దూదితో తుడిచాను, చూసినట్టే పొడిచాను. ఎక్కడ పొడవాలో మాత్రం సరిగా చూడలేదు. ఆయన ఒక్క కేక పెట్టి, తర్వాత నవ్వి, "నీ చెయ్యి బిరుసుగా ఉండాది మే" అన్నాడు. పొద్దున లేచి నడిస్తే కుడిపాదం వేలాడిపోయింది. చెప్పు కాలికి నిలవదు. నేలకు ఈడ్చుకుంటూ నడిచాడు.

ఎవరు వేశారని డాక్టరమ్మ అడిగింది. నేను గిన్నెలో సూదులు కలియబెడుతూ ఉన్నాను. నర్సమ్మకు అర్థమైంది. నన్ను పక్కకు తీసుకుపోయి, "సీసా మీద ఏం రాసుందో చదవలేని దానివి, సూది పట్టినావే" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆమె తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో.

ఆ పాదం లేవడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. లేచాక ఆ రైతు ఏం చేశాడనుకున్నారు? గోనెసంచి నిండా శనక్కాయలు మోసుకొచ్చాడు. జ్వరం కాలికి దిగిందనీ, నేను వేసిన సూది దాన్ని అక్కడే ఆపేసి ప్రాణం కాపాడిందనీ ఆయన నమ్మకం. "నీ చేతిలో మహిమ ఉండాదమ్మా" అని వార్డులో అందరి ముందూ దండం పెట్టాడు. నేను నోరు మెదపలేదు. ఆ శనక్కాయలు ఉడకబెట్టుకుని తిన్నాను కూడా. బాగున్నాయి.

అక్షరాలు ఆ నర్సమ్మ దగ్గరే మొదలుపెట్టాను. మొదలుపెట్టడానికి సిగ్గు తీరేసరికి నలభై ఏడు నిండాయి. పలక లేదు, పుస్తకం లేదు. ఆస్పత్రి గోడల మీద ఉన్నవే నా పాఠాలు. ఇక్కడ ఉమ్మివేయరాదు. లోపలికి ప్రవేశం లేదు. చెప్పులతో రాకూడదు. గట్టిగా మాట్లాడరాదు. నేను మొదట చదివిన తెలుగంతా ఏదో ఒకటి కూడదనేదే. అంత ఆలస్యంగా నేర్చుకున్నందువల్ల ఒక లోటు మిగిలిపోయింది. మనసులో చదువుకోవడం నాకు ఇప్పటికీ రాదు. నోటితో గట్టిగా పలికితేనే నాకు అర్థమవుతుంది.

ఆ లోటు ఆ ఫిజియో గదిలో ఏం చేసిందో చెబుతాను.

మూడు రోజులు ఆలోచించి మళ్లీ పోయాను. డిసెంబరు దగ్గరపడుతోంది. ఆదివారం ఆరాధనకు పోతే బోర్డు మీద హెడ్మాస్టరుగారి అక్షరాలు దండలాగా వరుసగా ఉన్నాయి. జనం మెడలు నిటారుగా పెట్టుకుని చదువుతున్నారు. అది చూశాక ప్రాణం పోయినా ఫరవాలేదనిపించింది.

గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. సూది సంగతి వీధి వీధికీ పాకిపోయింది. మోకాళ్లవాళ్లు, మడమలవాళ్లు, మణికట్టు విరిగి కట్టు విప్పించుకున్న ఒక లారీ డ్రైవరు, అందరిదీ ఒకటే మాట. "మాకూ సూది." అబ్బాయి చెమటలు కక్కుతూ ఒక్కొక్కరికీ, నీకు అవసరం లేదమ్మా, నీకు పనికిరాదన్నా అని చెబుతున్నాడు. వాళ్లు వినడం లేదు. ఎవరికో వేసి తమకు వేయకపోతే అది పక్షపాతం కదా. బల్ల చివర మెడపట్టీ ఊరి డాక్టరు కాలు మీద కాలు వేసుకుని, అధికారం లేదు, అధికారం లేదు అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.

నన్ను చూసి అబ్బాయి ఒక కాగితం ఇచ్చాడు. "చదివి సంతకం పెట్టవ్వా. పెడితేనే గుచ్చుతా."

అందరూ దాన్ని చూడకుండానే సంతకం పెడతారట. నేను కళ్లద్దాలు తుడుచుకుని, బల్ల మధ్యలో కూర్చుని, మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను.

"సూది... గుచ్చిన చోట... నొప్పి, నీలిమచ్చ, స్వల్ప రక్తస్రావము... కలుగవచ్చును."

"కలిగితే కలగనీలే" అంది మోకాళ్ల నొప్పి ఆమె.

"కళ్లు... తిరుగవచ్చును. స్పృహ... తప్పవచ్చును."

లారీ డ్రైవరు కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

"అరుదుగా... సూది ఊపిరితిత్తుల పొరను తాకి... ఛాతీలోనికి... గాలి చేరవచ్చును."

మోకాళ్ల ఆమె రొమ్ము మీద చెయ్యి వేసుకుంది.

"ఊపిరితిత్తా?" అంది మోకాళ్ల ఆమె. "నాది మోకాలు గదా!"

"మోకాల్లో గుచ్చితే యాడికో పోతాదంట మే, రాసినారు చూడు" అంది పక్కనున్న మడమ నొప్పి ఆమె.

"మోకాలికీ ఊపిరితిత్తికీ సంబంధం లేదమ్మా!" అని అబ్బాయి లేచాడు. "అది జబ్బ దగ్గర గుచ్చేటప్పుడు మాత్రమే..."

వినడానికి ఎవరున్నారు? మోకాళ్ల ఆమె ఆ ఇరవైరెండు మెట్లను దిగిన వేగం చూస్తే ఆమెకు ఇక వైద్యం అక్కర్లేదనిపించింది. డ్రైవరు తన ఎక్సరే మరిచిపోయి పోయాడు, మళ్లీ వచ్చి ఎవరి మొహమూ చూడకుండా తీసుకుని పోయాడు. నేను చదవడం ఆపలేదు. కింద ఇంకా రెండు వరుసలున్నాయి. అవి పూర్తయ్యేసరికి గదిలో మిగిలింది అబ్బాయి, నేను, ఊరి డాక్టరు.

"నీ వ్యాపారం చెడగొట్టినానేమో నాయనా."

అతను కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. "మూడు దినాల్నుంచి సూది సూది అని నా ప్రాణం తీసినారవ్వా. నేను చెప్తే ఒక్కరు కదల్లే. నువ్వు చదివితే అందరూ పోయినారు."

"ఇది నిజమేనా? ఊపిరితిత్తి మాట?"

"నిజమే."

"మల్ల నాది జబ్బే గదా."

అతను లేచి నా వెనక నిలబడి వేలితో చూపించాడు. జబ్బ పైభాగం, మెడకూ భుజానికీ నడుమ. "ఈడ నీ ఒంట్లో కండ పల్చన. కింద ఊపిరితిత్తుంటాది. ఈడ నేను గుచ్చను. నువ్వడిగినా గుచ్చను." వేలు కిందికి జరిపి జబ్బ ఎముక మీద ఆపాడు. "ఈడ కింద ఎముకుండాది. సూది దిగినా ఎముకకు తగిలి ఆగుతాది. ఈడ మాత్రమే గుచ్చుతా."

ఎక్కడ గుచ్చుతాడో చెప్పినందుకు కాదు, ఎక్కడ గుచ్చడో చెప్పినందుకు నాకు అతని మీద గురి కుదిరింది. ముప్పై ఎనిమిదో ఏట నాకు తెలియనిది అదొక్కటే.

ఆ రైతు సంగతి అతనికి చెప్పాను. మా ఆయనకు కూడా చెప్పలేదు, చెప్పకుండానే ఆయన్ని సమాధికి సాగనంపాను. ఈ పిల్లాడికి ఎందుకు చెప్పానో తెలియదు. అతను మధ్యలో ఒక్కటే అడిగాడు.

"పాదం మల్ల లేసిందా అవ్వా?"

"లేసింది. ఎనిమిది నెలలకు."

"నీ సూది పెద్ద నరానికి తగిలింటాది. పిర్రలో పైన, బయటివైపు వేయల్ల. నువ్వు మధ్యలో వేసింటావు. లేసింది, అదృష్టం. కొందరికి లేయదు."

జ్వరం కాదు, మహిమ కాదు, నరం. ఇన్నేళ్లకు నాకు తెలిసింది. సంతకం పెట్టాను. నా పేరు రాయడానికి ఈ చేత్తో చాలాసేపు పట్టింది.

బోర్లా పడుకోబెట్టి, సూది వంగకుండా ఒంటి మీద ఆనించే సన్నటి గొట్టంలోంచి దాన్ని టక్కుమని దించాడు. చీమ కుట్టినంత. ఇంతేనా అని నవ్వబోయాను. అప్పుడు కొద్దిగా కదిపాడు. లోపల కండ ఒడ్డున పడిన చేపలాగా ఎగిరింది. నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. చర్చి బోర్డు రాసే మనిషి అనాల్సిన మాట కాదు. అది ఆ అబ్బాయి తల్లిని గురించి కూడా.

"మంచిదేలే అవ్వా, అట్ల ఎగిరితేనే పట్టు వదుల్తాది" అన్నాడు అతను, తల్లి సంగతి వదిలేసి.

లేచి గోడ దగ్గరికి పోయాను. ముప్పై ఎనిమిది. మునికాళ్లు లేపకుండా.

ఇదంతా తెర సందులోంచి చూస్తున్న ఊరి డాక్టరు లోపలికి వచ్చేశాడు. మెడపట్టీ అప్పటికే విప్పేసుకున్నాడు. "నాక్కూడా వెయ్యప్పా. అయితే ఏదన్నా మందు కలిపి వెయ్యి."

"అధికారం లేదంటివే?" అన్నాను.

"అది జనానికి చెప్పే మాట అవ్వా. ఇది నా మెడ." అబ్బాయి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈ సూదులు యాడ దొరుకుతాయి? మా ఊర్లో నడుంనొప్పులోల్లు శానామందుండారు. చూసినా గదా, టక్కున దించేదే. రేపట్నుంచే మొదులుపెడతా."

అబ్బాయి మొహం తెల్లబోయింది. "వద్దన్నా. దండం పెడతా. అది చూసి నేర్చుకునేది కాదన్నా."

చూసి నేర్చుకున్నదాన్ని నేను అక్కడే ఉన్నాను. "అప్పా, ఒకటి చెప్పు. ఊపిరితిత్తి యాడిదాకుంటాదో వేలు పెట్టి చూపీ."

ఆయన ధీమాగా తన రొమ్ము మధ్యలో వేలు పెట్టాడు.

"పైకి యాడిదాకుంటాది?"

"పైకంటే... ఈడికే." రొమ్ము సగానికి.

అబ్బాయి ఆయన మెడ పట్టీ కట్టుకునే చోటికి కొంచెం కింద, మెడ కింది బొమిక పైనుండే గుంటలో వేలు ఆనించాడు. "ఈడిదాకుంటాదన్నా. నువ్విప్పుడు నన్ను గుచ్చమనే చోటు అదే."

ఊరి డాక్టరు పట్టీ మళ్లీ కట్టుకున్నాడు. ఆ రోజు ఆయన వేడినీళ్ల సంచీ పెట్టించుకుని పోయాడు. సూదులు కొన్నాడో లేదో నాకు తెలియదు. కొనడానికి ఆయన్ని ఎవరూ ఆపరు, అది మాత్రం తెలుసు.

ఫిజియోలకు సూది పట్టే హక్కు ఉండాలా అని ఆ తర్వాత మా చెల్లెలు అడిగింది, మా సంఘంలో ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను చెప్పేది ఇది. చదువుకుని, దాన్ని వేరేగా నేర్చుకుని, నేర్చుకున్నట్టు ఎవరికో ఒకరికి పరీక్ష ఇచ్చినవాళ్లకు ఉండాలి. ఆ పరీక్షలో ఎక్కడ గుచ్చాలి అని ఒక ప్రశ్న అడిగితే, ఎక్కడ గుచ్చకూడదు అని పది అడగాలి. కాగితం మీద రాసింది పేషెంటుకు చదివి వినిపించాలి. తప్పు జరిగితే ఎవరు వేశారని అడిగినప్పుడు నేనే అని చెప్పే మనిషి అయి ఉండాలి. పులివెందుల డాక్టరు అడ్డుపడాల్సింది వీళ్లకు కాదు. ఏమీ చదవకుండా పాతికేళ్లుగా పొడుస్తున్నవాళ్లకు అడ్డుపడాలి. వాళ్ల జోలికి ఎవరూ పోరు. వాళ్లు పోలీసు ఇంట్లోనూ సూది వేస్తారు, డాక్టరు తోటలో కూలీలకూ వేస్తారు. నాలాంటి ఆయాల జోలికీ ఎవరూ రాలేదు. వచ్చి ఉండాల్సింది.

మర్నాటికి జబ్బ తేలికపడింది. సూది దేవుడిలాగా పని చేసిందని నేనంటే అబ్బాయి ఒప్పుకోలేదు.

"దేవుడు గాదవ్వా. దీని గుణం రెండు మూడు దినాలుంటాది. ఆ దినాల్లో నువ్వు వ్యాయామం చేయకపోతే నేను గుచ్చింది దండగ. ఇంట్లో చేయడం లేదు గదా నువ్వు?"

"చేస్తానే ఉండా. చేస్తానే ఉండా నాయనా. చేస్తానే..."

"చేసేవాల్లు ఒకసారే చెప్తారవ్వా."

పట్టుబడ్డాను. ఆ రోజు నుంచి మా వంటింటి గోడకు బొగ్గుతో గీతలు గీసి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేళ్లు నడిపించాను. నడిపిస్తూ హెడ్మాస్టరుగారి అక్షరాలను తలుచుకునేదాన్ని. అది మంచి ఆలోచన కాదు కానీ చెయ్యి బాగా లేచేది. మధ్యలో ఇంకో రెండుసార్లు సూది వేయించుకున్నాను. రెండుసార్లూ అబ్బాయి తల్లిని తలుచుకున్నాను.

డిసెంబరు మొదటి శనివారం వచ్చింది. నేను పోయేసరికి హెడ్మాస్టరుగారు తెల్లచొక్కా వేసుకుని, సుద్దముక్కల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నారు. అయ్యగారు ఇద్దరికీ నడుమ, ఎవరికీ దగ్గరగా కాకుండా నిలబడ్డారు. సంఘంవాళ్లు పదిమంది దాకా వచ్చారు. ఊరికే వచ్చామని అందరూ చెప్పారు.

స్టూలెక్కాను. చెయ్యి లేపాను. బోర్డు మీద నాలుగు వరుసలు పడతాయి. నా చెయ్యి పైనుంచి రెండో వరుస దాకా పోయి ఆగిపోయింది. ఇంకొంచెం తోశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, మునికాళ్ల మీద లేవబోతే స్టూలు ఊగింది. దాన్ని కింద ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే హెడ్మాస్టరుగారు.

"పై వరుస అందలేదు చెల్లెమ్మా" అన్నారు, స్టూలు వదలకుండానే.

"అందలేదు సారూ."

"చెయ్యి లేస్తేనే అని గదా మాట."

నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన బోర్డు వైపు, ఆకాశం వైపు, కమిటీ వైపు చూసి, ఎన్నడూ లేనిది ఒక తీర్పు చెప్పారు. "లేవల్ల అన్నాం. ఎంత లేవల్లో అనలేదు సారూ."

"అట్లయితే ఆ పై వరుస నేను రాస్తా" అన్నారు హెడ్మాస్టరుగారు. "బోర్డు పైన ఖాళీగా ఉంటే చూసేవాల్లేమనుకుంటారు?"

"వద్దు సారూ, దాన్నట్లే ఉండనియ్యండి. మూడు వరుసల్లో పట్టే వాక్యమే రాస్తా."

రెండో వరుస నుంచి రాశాను. అక్షరాలు ఆయనవాటి మాదిరి లేవు. కానీ జారలేదు. దిగేటప్పుడు హెడ్మాస్టరుగారు చెయ్యి ఇచ్చారు, తీసుకున్నాను.

మర్నాడు ఆరాధనకు వచ్చినవాళ్లంతా, పైన ఎందుకు ఖాళీ వదిలారని అడిగారు. నా చెయ్యి అక్కడికి పోదు కాబట్టి అని చెప్పాను. కొందరు అయ్యో అన్నారు, కొందరు బోర్డును కిందికి దించుదామన్నారు, మేకల సంగతి గుర్తొచ్చి ఊరుకున్నారు. క్రిస్మస్ నాటికి ఆ ఖాళీ నాలుగు వేళ్ల వెడల్పుకు తగ్గింది. పోయిన శనివారం కొలిచాను, రెండు వేళ్లు. ఇక సూది అక్కర్లేదనీ, మిగిలినదానికి గోడ ఒక్కటే దారి అనీ అబ్బాయి చెప్పాడు. ఎక్కుతున్నాను.